పసుపు గిర్నీలో అమృతా షేర్‌గిల్

చిత్రకారిణి అమృతా షేర్‌గిల్ గురించి రాసేవాళ్లలో పసుపు పట్టేవాళ్లు ఎవరూ ఉండరనుకుంటా. నేను పడతాను. నాందేడ్ జిల్లా ధర్మాబాద్‌లో మాకు గిర్నీ (పిండిమర) ఉంది, మా మామగారి కాలం నుంచి. జొన్నలు, గోధుమలు ఏడాది పొడుగునా వస్తుంటాయి. మార్చి నుంచి మే దాకా మాత్రం మిరపకాయలు, పసుపు. ఆ మూడు నెలలు మా ఇంట్లో అన్నానికి కూడా ఆ వాసనే. అమృత 1940లో పసుపు విసిరే ఆడవాళ్ల బొమ్మ వేసింది. దాని పేరు ‘హల్దీ గ్రైండర్స్’. విమర్శకులు దాని గురించి చాలా రాశారు కానీ, ఒక గిర్నీదాని మాట కూడా ఉంటే బాగుంటుందని ఈ పోస్టు.

తెలియనివాళ్ల కోసం ముందు నాలుగు ముక్కలు. అమృత 1913 జనవరి 30న బుడాపెస్ట్‌లో పుట్టింది. తండ్రి ఉమ్రావ్ సింగ్ షేర్‌గిల్ పంజాబ్‌లో మజీఠియా సర్దార్ల ఇంటివాడు. సంస్కృతం, పారసీ బాగా చదువుకున్నవాడు, ఫోటోల పిచ్చి ఉన్నవాడు. తల్లి మేరీ ఆంత్వానెత్ హంగరీ గాయని. 1921లో అందరూ సిమ్లా చేరారు. 1929లో, పిల్లకు పదహారేళ్లప్పుడు, బొమ్మలు నేర్పించడానికని కుటుంబమంతా పారిస్ వెళ్లి కాపురం పెట్టింది. అక్కడ ఎకోల్ దె బొజార్ అనే చిత్రకళా కాలేజీలో లూసియన్ సిమోన్ దగ్గర నేర్చుకుంది. 1932లో వేసిన ‘యంగ్ గర్ల్స్’ అనే బొమ్మకు మరుసటి ఏడాది గ్రాండ్ సలోన్ అనే పెద్ద చిత్రప్రదర్శనలో గోల్డ్ మెడల్ వచ్చింది, సలోన్‌లో అసోసియేట్‌గా కూడా తీసుకున్నారు. అప్పటికి ఆమెకు ఇరవై. 1934 చివర్లో తిరిగి ఇండియా వచ్చేసింది. 1941 డిసెంబర్ 5 రాత్రి లాహోర్‌లో, 28 ఏళ్లకే, కొద్ది రోజుల జబ్బుతో పోయింది.

ఈ ఆఖరి వాక్యం దగ్గరే జనం ఆగిపోతారు. ఆ మధ్య ఆమె మీద ఒక ఆన్‌లైన్ ప్రసంగం విన్నాను. గిర్నీ కట్టేసి, వంట పక్కన పెట్టి మరీ కూర్చున్నా. పెద్దాయన ఆమె ప్రేమలు చెప్పాడు, ఎవరెవరికి ఉత్తరాలు రాసిందో చెప్పాడు, చావు మీద ఉన్న అనుమానాలన్నీ ఏకరువు పెట్టాడు. బొమ్మల దగ్గరికొచ్చేసరికి టైమ్ అయిపోయిందట, స్లైడ్లు గబగబా తిప్పేశాడు. నాకు ఒళ్లు మండింది. అంత చిన్న వయసులో పోయినామె వెనక అన్ని బొమ్మలు వదిలి వెళ్తే, మనం ఆమె ఇంటి గుమ్మం దగ్గర ఎవరి చెప్పులున్నాయో లెక్క పెట్టుకుంటున్నాం.

నాకు బొమ్మలతో ఉన్న చుట్టరికం ఏమిటంటే, మహారాష్ట్ర బళ్లలో చదివిన వాళ్లకు తెలుస్తుంది, ఎలిమెంటరీ, ఇంటర్మీడియట్ అని డ్రాయింగ్ గ్రేడ్ పరీక్షలు ఉంటాయి. నేను రెండూ పాసయ్యాను. ఇప్పుడు మా అమ్మాయి రాస్తోంది. అందులో స్మరణచిత్రం అని ఒక పేపరు, ఎదురుగా ఏమీ పెట్టుకోకుండా గుర్తున్నదాన్ని బట్టి మనుషుల్ని వెయ్యాలి. ఊళ్లో అందరిదీ ఒకటే బొమ్మ: బావి దగ్గర ఆడవాళ్లు, నడుము మీద బిందె, మొహాన చిరునవ్వు. నవ్వు లేకపోతే సార్ ఊరుకునేవాడు కాదు. ‘పల్లెటూరి ఆడది’ అంటే నవ్వాలి. ఆ నవ్వు నా వేళ్లకు ఎంత అలవాటైపోయిందంటే, చాలా ఏళ్ల తర్వాత అమృత వేసిన ‘త్రీ గర్ల్స్’ చూసినప్పుడు మొదట నాకు తట్టింది ఇదే: ఈ ముగ్గురిలో ఎవరూ నవ్వట్లేదు.

అది 1935 నాటి బొమ్మ. ముగ్గురు అమ్మాయిలు దగ్గర దగ్గరగా కూర్చున్నారు. ముదురు రంగుల బట్టలు. వెనక ఇల్లు లేదు, చెట్టు లేదు, ఏమీ లేదు. ఒకరి మొహం ఒకరు చూసుకోవట్లేదు, మన వైపూ చూడరు. దీనికి 1937లో బాంబే ఆర్ట్ సొసైటీ గోల్డ్ మెడల్ ఇచ్చింది. ఫోన్‌లో ఈ బొమ్మ చూపిస్తే గిర్నీకి వచ్చిన ఒక పిల్ల ఠక్కున అంది, “పెళ్లిచూపులకు కూసోపెట్టినట్టున్నరు కదా అక్కా” అని. ఇంతకంటే బాగా ఎవరు చెప్పారో నాకైతే కనపడలేదు.

అదే 1935లో సిమ్లా ఫైన్ ఆర్ట్స్ సొసైటీ వాళ్లు ఆమె పంపిన బొమ్మల్లో కొన్నింటిని వద్దని, ఒకదానికి ప్రైజు ఇచ్చారు. ఈమె ప్రైజు తిప్పి పంపేసింది. పొగరు అనండి. ఉంది. “యూరప్ పికాసో, మాతీస్, బ్రాక్‌లది, ఇండియా మాత్రం నాది ఒక్కదానిదే” అన్న అర్థంలో మాట్లాడిన మనిషి. ఆ మాట చదివినప్పుడల్లా నాకు నవ్వొస్తుంది, కోపమూ వస్తుంది. ఇండియా నీ ఒక్కదానిదే అయితే మేమంతా ఎక్కడ అద్దెకుంటున్నాం తల్లీ!

ఇప్పుడు మా వైపు సంగతి. ధర్మాబాద్ స్టేషన్‌లో రాత్రిపూట అజంతా ఎక్స్‌ప్రెస్ ఆగుతుంది, కాచిగూడ నుంచి మన్మాడ్ పోయేది. మా ఊళ్లో ఆ పేరు అందరి నోట్లో ఉంటుంది కానీ గుహలు చూసినవాళ్లు తక్కువ. 1936-37 చలికాలంలో అమృత దక్షిణాది యాత్రకు బయల్దేరింది. బొంబాయి చూసుకుని అజంతా, ఎల్లోరా, ఆ తర్వాత హైదరాబాద్, అక్కణ్ణుంచి కేరళ, కన్యాకుమారి. అప్పటికి అజంతా, ఎల్లోరా, నాందేడ్, హైదరాబాద్ అన్నీ ఒకే రాజ్యం, నైజాం ఇలాకా. ఔరంగాబాద్, నాందేడ్ బొంబాయి రాష్ట్రంలో కలిసింది 1956లో, మహారాష్ట్ర అయింది 1960లో. అజంతా రంగులు రాలిపోకుండా ఇటలీ నుంచి నిపుణుల్ని రప్పించి బాగు చేయించింది, గులాం యజ్దానీ చేత పెద్ద పుస్తకాలు అచ్చు వేయించింది నిజాం సర్కారే. అంటే అమృత చూసిన అజంతా మా తాతల సర్కారు కాపాడిన అజంతా. ఈ సంగతి మరాఠీలోనూ ఎవరూ చెప్పరు, తెలుగులోనూ చెప్పరు. మేం రెండు రాష్ట్రాలకూ అంచు మీద ఉన్నవాళ్లం, రెండు పుస్తకాల్లోనూ మా పేజీ చిరిగిపోయి ఉంటుంది.

అక్కడికి పోకముందే ఆమె రాసుకుంది, ఒక అజంతా కుడ్యచిత్రం యూరప్‌లోని మొత్తం రెనెసాన్స్ చిత్రకళ కంటే ఎక్కువ విలువైనదని. గుహల్లోకి వెళ్లాక ఏం జరిగిందో తర్వాత వేసిన బొమ్మలే చెబుతాయి. పారిస్‌లో నేర్చుకున్న నీడలు, మెరుపులు తగ్గిపోయాయి. నల్లటి మేను నల్లగా, నిండుగా వచ్చింది. మనిషి చుట్టూ గీత గట్టిపడింది.

హైదరాబాద్‌లో మాత్రం ఆమె బొమ్మలకు గిరాకీ లేదు. సాలార్‌జంగ్ నవాబు చూశాడు, కొనలేదు. ఆయన కూడబెట్టిన యూరప్ బొమ్మలు ఈమెకూ నచ్చలేదు, ఆ మాట ఈమె దాచుకోనూ లేదు. ఇప్పుడు సాలార్‌జంగ్ మ్యూజియంకి వెళ్లి ముసుగు వేసుకున్న రెబెకా పాలరాతి విగ్రహం ముందు నిలబడి ఫోటోలు దిగేవాళ్లను చూస్తే నాకు ఈ సంగతే గుర్తొస్తుంది.

ఆ యాత్ర నుంచి సిమ్లా తిరిగెళ్లాక 1937లో మూడు పెద్ద బొమ్మలు వేసింది: ‘బ్రైడ్స్ టాయ్‌లెట్’, ‘బ్రహ్మచారిస్’, ‘సౌత్ ఇండియన్ విలేజర్స్ గోయింగ్ టు మార్కెట్’. చాలామంది ఆమె పనిలో ఇవే శిఖరం అంటారు. నేననను. పెళ్లికూతురికి జడ వేస్తున్న బొమ్మ చాలా అందంగా ఉంటుంది, ఎర్రబడ్డ ఆ అరచేతుల్ని మరిచిపోలేం. కానీ ఈ మూడింట్లోనూ మనుషులు ఎవరో వచ్చి ‘కదలకండి’ అని చెప్పినట్టు ఉంటారు. సంతకు పోయేవాళ్లు కూడా సంతకు చేరతారన్న నమ్మకం కలగదు.

నాకు నచ్చేది సరాయా బొమ్మలు. 1938లో ఆమె హంగరీ వెళ్లి, తల్లి వైపు బంధువైన డాక్టర్ విక్టర్ ఎగాన్‌ను పెళ్లి చేసుకుంది. మరుసటి ఏడాది ఇద్దరూ ఇండియా వచ్చారు. గోరఖ్‌పూర్ దగ్గర సరాయాలో ఆమె చిన్నాన్న సుందర్ సింగ్ మజీఠియాకు జమీను, చక్కెర మిల్లు ఉన్నాయి. అక్కడే కాపురం. పారిస్‌లో ఉండి వచ్చినదానికి ఆ మిల్లు ఊళ్లో తోచక పిచ్చెక్కింది, ఉత్తరాల్లో ఆ విసుగు తెలుస్తుంది. (ఆమె ఉత్తరాల్ని ఆమె చెల్లెలి కొడుకు, చిత్రకారుడు వివాన్ సుందరం తర్వాత అచ్చు వేయించాడు.) కానీ ఆ తోచకపోవడంలోనే ఆమె ఆడవాళ్లు పగలంతా ఏం చేస్తారో చూసింది. మంచం మీద ఎర్ర బట్టల్లో నడుం వాల్చిన ఒకామె, పక్కన విసనకర్రతో విసిరే ఇంకొకామె. ఊయల. కథ చెప్పే ముసలాయన. పెళ్లికూతురు. పసుపు విసిరేవాళ్లు. ఇవన్నీ 1940లోనివే. బొమ్మల సైజు తగ్గింది, రంగులు మాత్రం పేలాయి. బశోలీ (హిమాలయాల వైపు ఒక చిత్రశైలి), మొఘల్ చిన్న చిత్రాల నుంచి నేర్చుకున్న చదునైన రంగు అది. నీడ పెట్టి గుండ్రం చెయ్యదు. ఎరుపు పక్కన పసుపు పెట్టి, మీరే చూసుకోండి అంటుంది.

పసుపు సంగతి కొంచెం చెప్పాలి, లేకపోతే ఆ బొమ్మలో ఉన్న పని ఎలాంటిదో తెలియదు. తవ్విన పసుపును ఉడకబెట్టి ఎండబెడతారు. ఎండిన కొమ్ము రాయి కంటే మొండిది. దాన్ని నేరుగా ఇసుర్రాయిలో పోస్తే తిరగదు, రాయి ఎగిరిపడుతుంది. ముందు రోట్లో వేసి రోకలితో ముక్కలు చెయ్యాలి, జల్లించాలి, అప్పుడు విసరాలి, మళ్లీ జల్లించాలి. మా గిర్నీలోనూ అంతే, ముందు కాండప్ యంత్రంలో దంచుతాం, తర్వాతే మెత్తగా పడతాం. మిరపకాయ పట్టిన వెంటనే పసుపు పట్టకూడదు, పసుపు పట్టిన వెంటనే గోధుమలు వెయ్యకూడదు, మధ్యలో నూకలు పోసి యంత్రం కడుపు కడగాలి. పొడి గాల్లో ఉంటుంది. కనురెప్పల మీద, చెవుల్లో, జాకెట్టు చంకల్లో. ఆ బట్ట మీద సబ్బు రాశామా, పచ్చ కాస్తా ఎర్రబడుతుంది. పసుపులో సున్నం కలిపి కుంకుమ చేసేది ఆ గుణం వల్లే. కడిగి ఎండలో ఆరేస్తే ఆ మరక దానంతటదే పోతుంది. పసుపు నీళ్లకు లొంగదు, ఎండకు లొంగుతుంది. సీజన్లో మా ఇంటి తీగ మీద వేలాడే చీరల్లో అమృత వాడిన రెండు రంగులూ రోజూ ఉంటాయి.

‘హల్దీ గ్రైండర్స్’లో ఆడవాళ్లు నేల మీద కూర్చుని ఉన్నారు, తల నిండా కొంగు. మొహాలు వివరంగా వెయ్యలేదు. ఇక్కడ నాకు ‘త్రీ గర్ల్స్’తో తేడా తెలిసింది. ఆ ముగ్గురూ ఎవరి కోసమో ఎదురుచూస్తున్నారు. వీళ్లకు ఎవరి కోసమూ చూసే తీరిక లేదు, చేతిలో పని ఉంది. దిగులు పోయిందని కాదు. దిగులుని మొహం మీద రాయడం మానేసింది, అంతే. వంగిన వీపులో పెట్టింది. పారిస్‌లో మెడల్ తెచ్చుకున్న పిల్ల అక్కడికి రావడానికి ఏడేళ్లు పట్టింది. వచ్చిన ఏడాదిన్నరకే పోయింది. అందుకే నాకు ఆమె చావు గురించి వేరే గుసగుసలు అక్కర్లేదు. బాధ ఇక్కడే ఉంది.

సీజన్లో లైను పెద్దగా ఉన్న ఒక మధ్యాహ్నం, కరెంటు పోయింది. అందరూ సంచులు పట్టుకుని కూర్చున్నారు. నేను ఈ బొమ్మ ఫోన్‌లో తీసి చూపించాను. గల్లా పక్కన కూర్చున్న అవ్వ కళ్లజోడు సర్దుకుని చూసింది.

“ఏం చేస్తున్నరు వీళ్లు?”

“పసుపు ఇసురుతున్నరు అవ్వా.”

“కొంగు కప్పుకున్నది మంచిపని. తలల పొడి పడితే పేనుకొరుకుడు లెక్క దురద.” ఇంకాసేపు చూసింది. “గని ఒక్కతన్న మాట్లాడుతున్నదా? అందరు నోట్లో నీళ్లు పోసుకున్నట్టున్నరు.”

పక్కనున్న మరాఠీ ఆమె అందుకుంది, ఓవీ (విసురుతూ పాడే పాట) పాడకుండా జాతె (ఇసుర్రాయి) ఎలా తిరుగుతుంది తాయీ అని. మా దగ్గర ఇసుర్రాయి ముందు తెలుగు పాటా వినపడేది, మరాఠీ ఓవీ కూడా వినపడేది. రాయికి అటొకరు ఇటొకరు కూర్చుంటే పాట కూడా ఇద్దరిదీ అయ్యేది. పెళ్లి పసుపు కొట్టేటప్పుడు ఇప్పటికీ రెండూ పాడతారు. అత్తను తిట్టేది అక్కడే, ఆడబిడ్డను ఎత్తిపొడిచేది అక్కడే, పుట్టిల్లు తలుచుకుని ఏడ్చేదీ అక్కడే. ఇంటి మగవాళ్లకు తెలియని సంగతులన్నీ రాతికి తెలుసు.

అవ్వ మాటతోనే నా ఫిర్యాదు నాకు అర్థమైంది. అమృత దొరల బిడ్డ. మిల్లు యజమాని అన్న కూతురు. ఆమె నడిచొస్తే పనిచేసుకునే ఆడవాళ్లు పాట ఆపి, కొంగు సర్దుకుని, తల వంచుకుంటారు. మా మామగారి కాలంలో గిర్నీ లోపలికి సావుకారు వస్తే ఇదే జరిగేది. ఆమె చూసింది ఆ ఆగిపోయిన నిమిషాన్నే. చూసింది చూసినట్టు వేసింది, అందులో అబద్ధం లేదు. కానీ ఆమె వెనుదిరిగాక పాట మళ్లీ మొదలయ్యే ఉంటుంది. ఆ బొమ్మ ఎవరూ వెయ్యలేదు.

అయినా ఒకటి. మా సార్ నేర్పిన నవ్వు కంటే ఈ మౌనం వెయ్యి రెట్లు మేలు. ఆమెకు ముందు మన దేశంలో పనిచేసే ఆడదాన్ని ఇంత పెద్ద మనిషిగా, దేవతో అప్సరసో కానక్కర్లేకుండా, కాన్వాసు మీద ఎవరు కూర్చోబెట్టారు? రవివర్మ ఆడవాళ్లు నగలు సర్దుకుంటారు. బెంగాల్ చిత్రకారుల పొగమంచు రంగులు ఈమెకు అసలు పడేవి కావు, ఆ మాట గట్టిగానే రాసింది. ఆమె తర్వాత వచ్చిన ఆడ చిత్రకారులకు ఈ దారి కాస్త వెడల్పైంది. మా పక్కన విదర్భలో, నాగపూర్ దగ్గరి బేలాలో పుట్టిన బి. ప్రభ జాలరి ఆడవాళ్లను పొడుగ్గా, నల్లగా, నవ్వు లేకుండా వేసింది. అమృత ప్రభావం ఆమె మీద బాగా ఉందంటారు.

లాహోర్‌లో ఎగ్జిబిషన్ ఇంకొద్ది రోజులుందనగా అమృత పోయింది. ఆఖరున ఆమె ఈజిల్ మీద ఉన్నది పైఅంతస్తు నుంచి కనపడే పెరడు, అందులో నల్ల గేదెలు. తండ్రి, భర్త తమ దగ్గరున్న బొమ్మలు ప్రభుత్వానికి ఇచ్చారు. 1954లో ఢిల్లీలో జాతీయ ఆధునిక కళా మ్యూజియం తెరిచినప్పుడు దానికి అవే పెద్ద దిక్కు. 1976లో ఆమె బొమ్మల్ని దేశపు కళాసంపదగా ప్రకటించారు, అంటే దేశం దాటించి అమ్మకూడదు. ఆ హోదా ఉన్న తొమ్మిది మంది చిత్రకారుల్లో ఆడది ఈమె ఒక్కతే. 2023లో ‘ది స్టోరీ టెల్లర్’ వేలంలో 61.8 కోట్లకు పోయింది, అప్పటికి భారతీయ చిత్రాల్లో అదే రికార్డు. మా ఆయన ఈ వార్త చదివి, మన గిర్నీ కూడా బొమ్మ వేయించి పెట్టాల్సింది అన్నాడు. ఆమె బతికుండగా మాత్రం కొనేవాళ్లు అంతంతమాత్రమే.

నేను అసలు బొమ్మలు చూసింది ఆడబిడ్డ కొడుకును పరీక్షకు ఢిల్లీ తీసుకెళ్లినప్పుడు. నాందేడ్‌లో సచ్‌ఖండ్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే ఢిల్లీ మీదుగా అమృత్‌సర్ దాకా పోతుంది, నాందేడ్‌లోని హుజూర్ సాహిబ్ గురుద్వారాకు వచ్చిపోయే సిక్కులతో నిండి ఉంటుంది. వాళ్లు పెట్టిన రొట్టెలు తిని, అమృత వాళ్ల నాన్నది ఏ ఊరని అడిగితే, మజీఠా అమృత్‌సర్ పక్కనే అన్నాడు ఒక పెద్దాయన. ఆమె పేరు మాత్రం ఆయన వినలేదు. మ్యూజియం ఇండియా గేట్ దగ్గర జైపూర్ హౌస్‌లో ఉంది. ఫోన్‌లో ఎన్నిసార్లు చూసినా తెలియనిది అక్కడ తెలిసింది, రంగు ఎంత మందంగా ఉందో. దగ్గరికెళ్తే బ్రష్షు పోయిన దారి గట్లు గట్లుగా కనపడుతుంది. నేను మరీ దగ్గరికి పోయేసరికి గార్డు వెనక్కి రమ్మన్నాడు.

మా అమ్మాయి ఈసారి ఇంటర్మీడియట్ పరీక్షకు స్మరణచిత్రం సాధన చేస్తోంది. బావి వద్దు, గిర్నీ వెయ్యి అన్నాను. వేసింది. అందులో నేను నోరు తెరిచి ఎవరినో తిడుతున్నాను. సార్ మార్కులు తగ్గిస్తాడేమో అని దానికి టెన్షన్.

ఢిల్లీ వెళ్లేవాళ్లు సోమవారం వెళ్లకండి, మ్యూజియం మూసి ఉంటుంది. బొమ్మలు మార్చి మార్చి పెడుతుంటారు, అన్నీ ఒకేసారి గోడ మీద ఉండవు. కాబట్టి ముందే ఫోన్ చేసి కనుక్కుని బయల్దేరండి.